తొలి సూది

టీకాల బంగ్లాకు ఒక గొప్ప ఆచారం ఉండేది. మందు ఎవరు తయారు చేస్తే తొలి సూది వాళ్ళే పొడిపించుకోవాలి. శామీర్‌పేట చెరువు కట్ట దాటాక మేడ్చల్ బాట పక్కనున్న ఆ పాత బంగ్లాకు ఏ పెద్దమనిషి వచ్చినా డాక్టర్ సత్యానందం ముందుగా ఈ సంగతే చెప్పేవాడు. చెప్పి ఊరుకునే రకం కాదు. చొక్కా ఎడమ చెయ్యి భుజం దాకా మడిచి, చింతగింజలంతేసి మచ్చలు చూపించేవాడు. "మన చేతికి పెట్టుకోలేని మందును మంది చేతికి పెట్టే హక్కు మనకు లేదు" అనేవాడు. విన్నవాళ్ళు చాయ్ తాగి, తలలూపి, బంగ్లా దిగేటప్పుడు ఇంకోసారి ఆ చెయ్యి వైపు చూసి వెళ్ళేవాళ్ళు.

రాహేలు కూడా ఆ మాటకు మురిసిపోయే అక్కడ చేరింది. మేడ్చల్ చర్చిలో ఉపదేశిగా ఉన్న ఇస్సాకు బిడ్డ ఆమె. పట్నంలో సైన్సు చదివి పాసైంది. బడిలో టీచరమ్మగా చేరమని అందరూ చెప్పినా వినకుండా, క్రిముల పని నేర్చుకుంటానని సత్యానందం దగ్గరికి వచ్చింది. వచ్చి ఏడాది కావస్తున్నా ఆయన మందుకు తొలి సూది పడటం ఆమె కళ్ళతో చూడలేదు. సరిగ్గా ఆ వేళకు ఆయన ఏదో ఒక పని చెప్పి ఆమెను బయటికి పంపించేవాడు.

ఆ శనివారం పంపలేదు.

వెనక వరండాలో బక్కయ్య గొంతుక్కూర్చుని ఎడమ చెయ్యి చాపి ఉన్నాడు. తెల్లవారుజామున శామీర్‌పేట చెరువులో వల విసిరి, పొద్దెక్కాక బంగ్లాకు వచ్చి సీసాలు కడిగి, కుందేళ్ళకు గడ్డి వేసి, ఆవిరి డబ్బా కింద మంట పెట్టే మనిషి అతను. సత్యానందం దూదిని స్పిరిట్‌లో ముంచి ఆ నల్లటి చేతిని రెండు సార్లు తుడిచాడు. చర్మం చిటికెడు పైకి పట్టి సూది దించాడు. బక్కయ్య పొద్దు వైపు చూస్తూ కూర్చున్నాడు. అయిపోయాక అంగీ కిందికి లాక్కుని, మందు కోసం రసం తీయగా మిగిలిన మాంసం పిప్పి ఉన్న గిన్నెను తువ్వాలలో కట్టుకున్నాడు. సూదికి అదే బహుమానం.

"సార్, ఇది మీరు చేసిన మందే గద?" అంది రాహేలు.

"అవు."

"మరి తొలి సూది..."

సత్యానందం సూదిని మరుగుతున్న నీళ్ళలో వేస్తూ వెనక్కి తిరగలేదు. "నా చెయ్యి వాచి నేను పండుకుంటే అత్వెల్లి ఊరికి మందు ఎవరు చేస్తరు? ఆడ దినాం గత్తరకు మంది పోతాండ్రు. వీడు పండుకుంటే ఏం ఆగుతది? కుందేళ్ళకు గడ్డి నువ్వేసినా నడుస్తది."

బక్కయ్య అక్కడే ఉన్నాడు. అంతా వింటున్నాడు. విని నవ్వాడు కూడా. "దొర చెప్పింది నిజమే బిడ్డా. నా చేతికి అలవాటే. ఎన్నేండ్ల సందో పొడుస్తాండ్రు, ఎన్నడు ఏం గాలే."

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఇన్నేళ్ళుగా బక్కయ్య చెయ్యి, సత్యానందం పేరు. రాహేలుకు ఒళ్ళు మండింది. "నా మందు అయిననాడు నా చెయ్యే సార్. ఇంకొకళ్ళది వద్దు" అంది.

సత్యానందం కోప్పడితే బాగుండేది. ఆయన కుర్చీ లాక్కుని తీరిగ్గా కూర్చున్నాడు. "నీ కన్న చిన్నగున్నప్పుడు గీ వరండాలనే నేను సీసాలు కడిగేటోన్ని. అప్పట్ల ఈ బంగ్లా నడిపే తెల్లదొర నా రెక్క వట్టుకొని పొడిసేటోడు. ఒకపారి జరమొచ్చి నెల పడ్డ. చస్తే బొందవెట్టి ఇంకోన్ని తెచ్చుకుంటుండె. బతికిన గనుక చదివిచ్చిండు. గీ మచ్చలు నేను పెట్టుకున్నయి గావు, ఆయన పెట్టినయి. చూసేటోళ్ళకు ఆ ఫరక్ తెల్వది, తెల్వనవసరం గూడ లేదు. మెట్టు ఎక్కేటోడు మెట్టును అడిగి కాలు పెట్టడు బిడ్డా."

ఇది విన్నాక ఆ మచ్చల మీద ఆమెకున్న గౌరవం పోవాల్సింది. పోలేదు సరిగదా, ఆయన మీద జాలి కూడా వచ్చి చేరింది. ఎవరి మాటకూ లొంగని పిల్ల అక్కడ మెత్తబడింది.

ఆయన అసలు సంగతి అప్పుడు చెప్పాడు. "గురువారం సర్కారు టీకాల డైరెక్టర్ సాబ్ వస్తాండు. బొంబాయికి ఒక్కరిని పంపుతరు, రెండేండ్లు పెద్ద పని నేర్చుకోనీకి. నీ పేరు చెప్పిన. ఉత్త మాట మీద పంపరు, చేతిపని చూపెట్టాలె. నీ చేత్తోని చేసిన మందు బల్ల మీదుంటే నువ్వు పోతవు. లేకుంటే పట్నంల ఇంకోడు కాసుకోనున్నడు, వాడు పోతడు."

*

గత్తరకు, అంటే కలరాకు, మందు చేయడం చూడ్డానికి వంట లాంటిదే. మాంసం రసంలో అగర్ అనే సముద్రపు పాచి జిగురు కలిపి జున్నులా గడ్డ కట్టించాలి. ఆ జున్ను మీద గత్తర క్రిములను మొలిపించి, ఉప్పునీళ్ళతో కడిగి దించి, వేడికి చంపి, చెడిపోకుండా కార్బాలిక్ ఆమ్లం చుక్కలు కలిపితే మందు. చిక్కంతా ఆ అగర్‌తోనే వచ్చింది. అది జపాను నుంచి రావాలి, జపానుతో యుద్ధం నడుస్తున్నది. అందుకని ఉన్న కాస్త జిగురునే వాడి, కరిగించి, గుడ్డలో వడపోసి, ఎండబెట్టి మళ్ళీ మళ్ళీ వాడుతున్నారు. వాడిన జిగురులో ఏ మురికి దాక్కుని ఉందో పైకి కనపడదు. దాన్ని వరసగా మూడు రోజులు ఆవిరి పట్టాలి. మొదటి రోజు ఆవిరికి క్రిములు చస్తాయి, వాటి గింజలు చావవు. ఆ గింజలు రాత్రికి మొలిస్తే మర్నాటి ఆవిరి వాటిని చంపుతుంది. మొలవకుండా మొండికేసినవి ఏమన్నా ఉంటే మూడో రోజుకు దొరుకుతాయి. కలుపు తీసే ఆడవాళ్ళందరికీ తెలిసిన సంగతే ఇది, ఒక్క తీతకు పొలం శుభ్రం కాదు.

శనివారం సాయంత్రం మొదటి ఆవిరి పెట్టారు. ఆదివారం చర్చి అయ్యీ కాగానే రాహేలు పరుగున వచ్చి రెండో ఆవిరి పెట్టించింది. ప్రభువు దినాన పనేమిటని తండ్రి గొణిగితే, చచ్చేవాళ్ళకు ఆదివారం ఉంటుందా నాయినా అని నోరు మూయించింది. సోమవారం పొద్దున బక్కయ్య కట్టెలు పేర్చి, నిప్పు చేత పట్టుకుని నిలబడ్డాడు. రాహేలు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ వరండాలో అటూ ఇటూ తిరిగింది. ఇవాళ ఆవిరి పెడితే క్రిములు చల్లడం రేపటికి, మొలవడం ఎల్లుండికి, కడిగి వేడి చేయడం గురువారానికి. డైరెక్టర్ సాబ్ బల్ల ముందు నిలబడే వేళకు బల్ల మీద ఏమీ ఉండదు.

ఆమె లోపలికి వెళ్ళింది. సత్యానందం యుద్ధం వార్తలు చదువుతున్నాడు.

"సార్, మూడో ఆవిరి పెడితే గురువారానికి మందు అందదు."

"అందదు."

"పెట్టకపోతే..."

"పెట్టకపోతే అందుతది."

"మీరైతే ఏం చేస్తరు సార్?"

ఆయన కాగితం దించాడు. ఆ కళ్ళలో విసుగు లేదు, కుతూహలం ఉంది. సీసాలో ఏది మొలుస్తుందా అని చూసేటప్పుడు కూడా ఆయన కళ్ళు అట్లాగే ఉంటాయి. "నేను చేసేది నేనెప్పుడో చేసిన. నీ మందు, నీ చెయ్యి అంటివి గద. నీ ఇష్టం."

గురువు అంటే దారి చెప్పేవాడని రాహేలు అనుకునేది. రెండు దార్లూ చూపించి పేపరు చదువుకునే గురువులు కూడా ఉంటారని అప్పటిదాకా ఆమెకు తెలియదు. బయటికి వచ్చింది.

"మంట వెట్టన్నా బిడ్డా?" అన్నాడు బక్కయ్య.

"వద్దు మామా. రెండు సార్లు బాగనే పట్టింది."

"నువ్వే గద మూడు దినాలంటివి?"

"గీసారికి చాలు."

బక్కయ్యకు అడిగే అలవాటు లేదు. కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగి గోడకు ఆనించాడు.

*

ఎండల వేడికి క్రిములు అనుకున్నదానికన్నా ముందే మొలిచి, మంగళవారం సాయంత్రానికే మందు తయారైంది. సన్నటి పెసరకట్టు తేటలా, ఎత్తి చూస్తే కాస్త మసకగా, ముద్దొచ్చేలా ఉంది. మామూలుగా ముందు కుందేళ్ళకు పొడిచి రెండు మూడు రోజులు చూస్తారు. ఆ రెండు మూడు రోజుల ఎండలకే ఉన్న కుందేళ్ళన్నీ చచ్చి గూళ్ళు ఖాళీ అయ్యాయి. కొత్తవి పట్నం నుంచి రావాలంటే పెట్రోలు లేదు, లారీ లేదు. ఉన్నవి చేతులే.

రాహేలు రవిక చెయ్యి పైకి మడిచి స్టూలు మీద కూర్చుంది. సత్యానందం సూదిని నింపి, గాలి బుడగ పోయేదాకా పైకెత్తి తట్టాడు. దూదితో ఆమె భుజం తుడిచాడు. చర్మం మీద స్పిరిట్ చల్లగా తగిలింది.

"నమ్మకమేనా?" అన్నాడు.

ఒక్కటే మాట. అట్లా అడగకపోతే ఆమె పొడిపించుకుని ఉండేదేమో. అడిగేసరికి పెట్టని ఆవిరి, గోడకు ఆనించిన కట్టెలు, వడపోత గుడ్డలో అంటుకున్న గోధుమరంగు మడ్డి, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు నిలిచాయి. పుస్తకంలో చదివిన రోగాల పేర్లు వరసగా గుర్తొచ్చాయి. చదువుకున్నవాళ్ళకు ఉండే సుఖం అది, దేనికి భయపడాలో పేర్లతో సహా తెలుస్తుంది. ఆమె చెయ్యి తనంత తానే వచ్చి రవిక అంచును కిందికి లాగింది.

బక్కయ్య గుంజ దగ్గర్నుంచి లేచి వచ్చి స్టూలు పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నేనున్న గద దొరా. ఆడివిల్ల. రేపటెల్లుండి బొంబాయి వొయ్యేది. జరమో గిరమో వస్తే ఎట్ల?" అని ఎడమ చెయ్యి చాపాడు.

రాహేలు అడ్డం చెప్పాలి. మామా, ఈ మందుకు మూడో ఆవిరి పట్టలేదు, ఇది ఎవరికీ పొడవొద్దు అనాలి. పలకడానికి పట్టే కాలం ఎంత? దానికీ ఆమె నోరు పెగల్లేదు.

సత్యానందం సూదిని తను పొడవలేదు. దాన్ని తిప్పి రాహేలు చేతిలో పెట్టాడు. "నీ మందు. నువ్వే పొడువు."

ఆమె పొడిచింది. చర్మం పైకి పట్టి, వాలుగా, నేర్పిన పద్ధతిలోనే పొడిచింది. మందు నెమ్మదిగా దించింది.

"సన్నగ పొడిసినవు బిడ్డా. దొర కన్న నీ చెయ్యే నయం" అన్నాడు బక్కయ్య.

సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ క్షణంలో, ఆ మెచ్చుకోలు విని రాహేలుకు సంతోషం కలిగింది. తరవాత ఎన్ని మరిచిపోవాలని చూసినా ఆ సంతోషాన్ని మాత్రం ఆమె మరిచిపోలేకపోయింది.

*

బుధవారం బక్కయ్య బంగ్లాకు రాలేదు. మధ్యాహ్నం దాకా చూసి, రాహేలు చెరువు కట్ట కిందున్న అతని గుడిసెకు వెళ్ళింది. భార్య సాలమ్మ వేపాకు, పసుపు నూరి పట్టు వేస్తున్నది. తమ్ముడు లింగం గడప మీద కూర్చుని వల కన్నాలు కుట్టుకుంటున్నాడు. బక్కయ్య మంచం మీద కళ్ళు తెరిచే ఉన్నాడు. భుజం నుంచి మోచేయి దాకా వాచి, తోలు బిగిసి, ఇత్తడి చెంబు రంగుకు తిరిగింది.

రాహేలు వంగి రెండు వేళ్ళతో మెల్లగా నొక్కింది. తోలు కింద ఎండుటాకు నలిగినట్టు సన్నగా చప్పుడైంది. ఇంకో చోట నొక్కింది. అక్కడా అయింది. చావని గింజలు కండలో మొలిచి, కుళ్ళబెట్టి, గాలి పుట్టిస్తే వచ్చే ఆ చప్పుడు గురించి పుస్తకంలో నాలుగు వాక్యాలున్నాయి. అది వినపడితే వెంటనే చెయ్యి తీసేయాలనీ, ఆలస్యమైన కొద్దీ మనిషి పోతాడనీ ఆ నాలుగింటిలోనే ఉంది.

"రేపు వల మీదికి పోవాలె బిడ్డా. తగ్గుతది గద?"

"తగ్గుతది మామా" అంది.

ఆమె కట్ట మీద పరిగెత్తిన పరుగుకు కాలి చెప్పు తెగింది. సత్యానందం అంతా విని ఒక్కటే అడిగాడు. "చప్పుడు అయితాందా?"

"అయితాంది సార్."

ఆయన చెప్పాల్సినవి చెప్పాడు. "పట్నం దవాఖానకు బండి కట్టియ్యి. జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నదని చెప్పుమను."

"సూది అని చెప్తేనే వాళ్ళకు సమజైతది సార్. ముల్లంటే పట్లు వేసుకుంట కూసుంటరు. జల్దీ చెయ్యి తియ్యకపోతే..."

"సూది అంటే, ఎవరి సూది అంటరు." ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. "ఎవరి సూదని చెప్దాం?"

రాహేలు తెగిన చెప్పును కాలి నుంచి విడిచింది.

"నా మందు సోమవారమే అత్వెల్లికి వొయింది, మందికి ఏం కొదువ లేదు. నీది మొత్తం కార్బాలిక్ వోసి గుంటల పాతిపెట్టు. సీసాలల్ల ఉప్పునీళ్ళు వొయ్యి, మసకకు చిటికెడు గంజి. చూపెట్టనీకే. రేపు సాబ్ ముందర తొలి సూది నీకే పొడుస్త." మళ్ళీ అన్నాడు, "ఇష్టముంటెనే. లేకుంటే నువ్వే బండెక్కి పొయ్యి, దవాఖానల నిజం చెప్పి, అటే మీ నాయిన దగ్గరికి వో. నేను అడ్డం రాను."

ఆయన నిజంగానే అడ్డం రాడు. అదే ఆమెకు భరించరానిదిగా తోచింది. ఎవరన్నా చెయ్యి పట్టి ఆపితే ఆ పాపం వాళ్ళ మీద వేసి బతకొచ్చు.

పొద్దు వాలకముందే బండి గుడిసె ముందుకు వచ్చింది. లింగం గడ్డి పరిచి, అన్నను ఎత్తి పడుకోబెట్టాడు. సాలమ్మ చెంబు కోసం లోపలికి వెళ్ళినప్పుడు రాహేలు బండి పక్కకు వెళ్ళి ముల్లు మాట చెప్పింది.

లింగం ఎగాదిగా చూశాడు. "జెల్ల ముల్లు ఏలికి గుచ్చుకుంటది గని భుజానికెట్ల గుచ్చుకుంటది రాహేలమ్మా?"

"చేపలున్న వల భుజాన ఏసుకున్నప్పుడు గుచ్చుకున్నదని చెప్పు."

జవాబు అంత తొందరగా ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆమెకే తెలియలేదు. ఆలోచించుకోవాల్సిన అవసరమే రాలేదు.

"గట్లనే చెప్తం తియ్యి" అన్నాడు బక్కయ్య గడ్డిలోంచి. "పిల్ల పని ఖరాబు గావద్దు."

ఎడ్లు కదిలాయి. రాహేలు బంగ్లాకు తిరిగివచ్చి ఉప్పునీళ్ళు మరగపెట్టింది. ఆ ఉత్తనీళ్ళను మాత్రం ఆమె చాలాసేపు, ఎంతో జాగ్రత్తగా మరగపెట్టింది. ఎవరి చేతిలోకి పోతాయో తెలుసు గదా.

*

డైరెక్టర్ సాబ్ షేర్వానీ వేసుకుని, అత్తరు వాసనతో వచ్చాడు. సీసాలను వెలుతురుకు పెట్టి చూసి భేష్ అన్నాడు. సత్యానందం ఆచారం సంగతి చెప్పి, మచ్చలు చూపించాడు. ఆ పైన రాహేలు వైపు తిరిగి తల ఊపాడు.

ఆమె ముందుకు వచ్చి రవిక చెయ్యి మడిచింది. సూది దిగి, తీశాక ఒక్క నెత్తుటి బొట్టు పూసలా నిలిచింది. డైరెక్టర్ సాబ్ "షాబాష్ బేటీ" అని రెండు సార్లు చప్పట్లు కొట్టాడు. గుమ్మం బయట నిలబడ్డ ఇస్సాకు కళ్ళొత్తుకుని, ఇంత ధైర్యం గల బిడ్డను ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా రాహేలు తల దించుకుంటే అదే వినయమనుకున్నారు అందరూ. బొంబాయి ఖాయమైంది.

*

మరుసటి వారం సాలమ్మ, లింగం బంగ్లాకు వచ్చారు. రాహేలు ప్రయాణానికి ఇంకా కొద్ది రోజులుంది. వరండాలో ఆమె చేస్తున్న కొత్త మందుకు ఆవిరి పెట్టి ఉంది. మూడోది.

"ఉన్నడు, పాణానికి ఏం భయం లేదన్నరు" అంది సాలమ్మ మెట్ల కింద కూర్చుంటూ. "ముల్లు లోపల్నే ఉన్నదేమోనని రెండు దినాలు కోసి కోసి ఎతికిండ్రు దొరా. దొరకలే. ఆఖరికి భుజం కాడికి తీసేసిండ్రు. ఒక్క దినం ముందుగాల్నే సమజైతే చెయ్యి కొంతన్న మిగులుతుండె అన్నడు డాక్టరు." కొంగుతో ముక్కు తుడుచుకుని రాహేలు వైపు తిరిగింది. "నువ్వు అప్పటికప్పుడు బండి కట్టియ్యకపోతే మనిషే దక్కకపోవు తల్లీ. నీ కడుపు సల్లగుండ."

రాహేలు ఆవిరి డబ్బా మూతను సరిచేసింది. అది సరిగానే ఉంది.

"ఇగ ఆయన వల ఇసిరేది లేదు, ఈడికొచ్చేది లేదు" అంది సాలమ్మ. "ముగ్గురు పిల్లలు. మా మరిదిని ఈ పనిల పెట్టుకుంటే మేమింత గంజి తాగుతం దొరా."

"నన్నెందుకు అడుగుతవు?" అన్నాడు సత్యానందం. "రాహేలమ్మను అడుగు. మందు చేసుడొక్కటి వస్తే చాలదు, బంగ్లా మనిషిని ఎంచుకొనుడు గూడ రావాలె."

వచ్చినప్పటి నుంచీ లింగం రాహేలునే చూస్తున్నాడు. అన్నీ తెలిసిన చూపు అది. ఇప్పుడన్నా ఇతను నోరు విప్పి నలుగురిలో అడిగేస్తే బాగుండునని ఆమె గుండెలో ఒక మూల కోరుకుంది. అతను అడగలేదు. మెట్ల దాకా నడిచి వచ్చి గొంతుక్కూర్చుని, అంగీ చెయ్యి తనే పైకి మడిచాడు.

రాహేలు మెట్లు దిగింది. సంతలో కోడెను చూసేవాళ్ళలా అతని భుజం కింది కండను రెండు వేళ్ళతో నొక్కి చూసింది. కుర్రతనపు కండ, వేళ్ళ కింద బిగువుగా నిలిచింది. తోలు మీద ఒక్క మచ్చ కూడా లేదు.

"గట్టిగనే ఉన్నది సార్" అంది. "రేపు పొద్దున్నే పనిలకు రమ్మందాం. మూడు దినాలకు మందు తయారైతది."

సాలమ్మ వంగి ఆమె కాళ్ళకు మొక్కింది. రాహేలు కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.